చదవదగిన ప్రోగ్రాము: పైథాన్ భాషలో కొన్ని పాఠాలు

మన ప్రాక్టికల్ పరీక్షల్లో ప్రోగ్రాముకు ఒకే ఒక్క కొలత వుంది. అవుట్‌పుట్ వచ్చిందా, రాలేదా? వస్తే మార్కులు పడతాయి, రాకపోతే పడవు. ఆ ప్రోగ్రామును యెలా రాశారు, మరొకరు దాన్ని చదివి అర్థం చేసుకోగలరా అనే ప్రశ్న వైవాలో సైతం యెవరూ అడగరు. ఆ ప్రశ్న అడగవలసిన అవసరం గూర్చి నాలుగు మాటలు ఈ సంచికలో రాద్దామని పూనుకున్నాను. ఉదాహరణలకు పైథాన్ భాషను యెంచుకున్నాను. మా లేబ్‌కు వచ్చే విద్యార్థుల్లో చాలామందికి మొదట తగిలే భాష ఇదే. పైగా, చదవటానికి వీలుగా వుండాలనే సంకల్పంతో పుట్టిన భాష కూడా ఇదే.

ఆ పుట్టుక కథ చిన్నదే. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని సి.డబ్ల్యు.ఐ. అనే గణిత, కంప్యూటరు పరిశోధన సంస్థలో పనిచేస్తున్న గీడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో దీన్ని మొదలుపెట్టాడు. 1991లో మొదటి రూపం లోకానికి విడుదలయింది. పేరు చూసి కొండచిలువ అనుకుంటాం గాని, అది బ్రిటిష్ టెలివిజనులో వచ్చిన మాంటీ పైథాన్ అనే హాస్య కార్యక్రమం పేరు. అంతకు ముందు అదే సంస్థలో ఏబీసీ అనే బోధన భాష ఒకటి తయారయింది. గీడో దానిమీద పనిచేసినవాడే. బ్రాకెట్లతో పని లేకుండా, వరుసను లోపలికి జరిపి రాస్తే చాలు, అది పై వరుసకు లోబడిన భాగమని గ్రహించే పద్ధతి ఆ ఏబీసీ నుండే పైథాన్‌కు సంక్రమించింది.

ఇక అసలు సంగతి. చదవటం కష్టమయితే యేమవుతుంది? పనిచేస్తే చాలదా? దీనికి సిద్ధాంతంతో కాక ఒక ప్రోగ్రాముతో జవాబు చెబుతాను.

పేరు అక్కరలేని ఒక కళాశాలలో పనిచేస్తున్న మిత్రుడొకాయన ఆ మధ్య నా దగ్గరకు ఒక ప్రోగ్రాము పట్టుకొచ్చారు. వాళ్ళ విభాగంలో ఇంటర్నల్ మార్కులు లెక్కకట్టే ప్రోగ్రాము అది. నియమం చిన్నది. సెమిస్టరుకు మూడు పరీక్షలు, ఒక్కొక్కటి 20 మార్కులకు. మూడింటిలో మెరుగైన రెండింటిని కూడాలి. 40కి 16 వస్తే గట్టెక్కినట్టు. ప్రోగ్రాము రాసిన కుర్రాడు చదువు ముగించుకుని ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నాలుగు సెమిస్టర్లు అది లక్షణంగా నడిచింది. అయిదో సెమిస్టరులో ఒక అమ్మాయి కామెర్లు వచ్చి రెండు పరీక్షలు రాయలేకపోయింది. రాసిన ఒక్కదానిలో 16 తెచ్చుకుంది. వేళ్ళమీద లెక్కపెట్టినా 16 పదహారే. కంప్యూటరు మాత్రం 15 అని చెప్పి ఫెయిలు చేసింది. ఆ పిల్ల కాగితం పట్టుకుని విభాగానికి వస్తే, ‘కంప్యూటరు లెక్క తప్పుతుందా అమ్మా?’ అన్నారట ఆఫీసులో.

‘మీరొకసారి చూడండి మాస్టారూ, జాబితా పంపటానికి రెండు రోజులే వుంది’ అని మిత్రుడు కాగితం నా ముందు పెట్టారు. అందులో ముఖ్యమైన వరుసలు ఇవి. (ఫర్, ఇన్, ఇఫ్ వంటి మాటలను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేస్తున్నాము. యంత్రం మీద వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

ఫర్ ఐ ఇన్ రేంజ్(లెన్(ఎల్)):
    టి = ఎల్[ఐ][2] + ఎల్[ఐ][3] + ఎల్[ఐ][4]
    టి = టి - మిన్(ఎల్[ఐ][2], ఎల్[ఐ][3], ఎల్[ఐ][4])
    ఇఫ్ టి >= 16:
        ఎల్[ఐ][5] = 1

చూడండి. తప్పేమీ కనబడదు. మూడూ కూడి అన్నిటికన్నా తక్కువదాన్ని తీసివేస్తే మిగిలేది మంచి రెండింటి మొత్తమే కదా! తెలివైన ఉపాయం కూడాను. కాని ఎల్ అంటే యేమిటి? రెండు, మూడు, నాలుగు స్థానాల్లో వున్నవి యేమిటి? టి మొదటి వరుసలో ఒకటి, రెండో వరుసలో మరొకటి. ఇవన్నీ విప్పుకుంటూ పైకి వెడితే, దాదాపు అరవై వరుసల పైన ఒక మూల, ఫైలు చదివేటప్పుడు, గైరుహాజరైన వారికి -1 వేయటం కనిపించింది.

అప్పుడు లెక్క తేలింది. ఒక్క పరీక్షకు రానివాడికి -1, 18, 15 అనుకోండి. మొత్తం 32. అందులోంచి -1 తీసివేస్తే 33. సరిగ్గా వచ్చింది. నాలుగు సెమిస్టర్లు తప్పు బయటపడకపోవటానికి కారణం ఇదే. ఈ అమ్మాయికి -1, -1, 16. మొత్తం 14. ఒక -1 తీసివేస్తే 15. రెండో -1 లోపలే వుండిపోయి ఒక మార్కు తినేసింది. ఆ పిల్ల పాసయింది లెండి. కాని ఇంత చిన్న లెక్క తేల్చటానికి మా ఇద్దరికీ ఒక మధ్యాహ్నమంతా పట్టింది. అందులో ఆలోచించవలసింది అయిదు నిమిషాలు కూడా లేదు. మిగతాదంతా ఎల్, టి అంటే యేమిటో కనుక్కోవటానికి పోయిన కాలమే.

అదే పనిని ఇంకొక విధంగా రాయవచ్చు.

డెఫ్ మంచి_రెండింటి_మొత్తం(మార్కులు):
    రాసినవి = [మార్కు ఫర్ మార్కు ఇన్ మార్కులు ఇఫ్ మార్కు ఈజ్ నాట్ నన్]
    రిటర్న్ సమ్(సార్టెడ్(రాసినవి, రివర్స్=ట్రూ)[:2])

ఫర్ విద్యార్థి ఇన్ విద్యార్థులు:
    మొత్తం = మంచి_రెండింటి_మొత్తం(విద్యార్థి.మార్కులు)
    విద్యార్థి.ఉత్తీర్ణత = మొత్తం >= ఉత్తీర్ణతకు_కనీసం

దీన్ని గట్టిగా చదివి చూడండి. మార్కుల్లోంచి నన్ కానివి, అంటే రాసిన పరీక్షలవి, యేరుకో. వాటిని పెద్దదాని నుండి చిన్నదాని వరకు పేర్చు. మొదటి రెండింటిని కూడు. నియమావళిలో వున్న వాక్యమే ఇక్కడా వుంది. కాబట్టి నియమాన్ని, ప్రోగ్రామును పక్కపక్కన పెట్టి సరిచూడవచ్చు. అందుకు ప్రోగ్రామింగ్ పండితుడు అక్కరలేదు, ఆఫీసు సూపరింటెండెంటుగారైనా చాలు.

ఇక్కడ గమనించవలసినవి ఒకటి రెండున్నాయి. మొదటిది, గైరుహాజరును -1 అనే అంకెతో చెప్పటం. -1 అంకె కనుక కూడికలోకి కిమ్మనకుండా దూరిపోయింది. పైథాన్‌లో ‘ఇక్కడ విలువ లేదు’ అని చెప్పటానికి నన్ అని ప్రత్యేకంగా ఒకటి వుంది. దానిని పొరపాటున అంకెతో కూడబోతే యంత్రం అక్కడికక్కడే ఆగి, రకాలు కుదరలేదని గోలపెడుతుంది. గోల మంచిదే. తప్పుడు మార్కును నెమ్మదిగా జాబితాలో వేసి ఊరుకునే ప్రోగ్రాము కంటె, అరిచి ఆగిపోయే ప్రోగ్రాము వెయ్యి రెట్లు నయం.

రెండవది, 16 అనే అంకె. అది ప్రోగ్రాము మధ్యలో వూరికే కూర్చుంటే, అది పాసు మార్కో, జాబితాలోని పేర్ల సంఖ్యో, కాగితం వెడల్పో యెవరికి తెలుస్తుంది? రేపు విశ్వవిద్యాలయం దాన్ని 14 చేస్తే, ప్రోగ్రాములో వున్న 16లన్నీ వెతికి మార్చాలి. వాటిలో కొన్ని మార్చకూడనివి వుంటాయి. పైన ఒక్కచోట ఉత్తీర్ణతకు_కనీసం = 16 అని రాసి పెట్టుకుంటే ఆ బాధ లేదు.

మూడవది, రేంజ్, లెన్. సీ భాష నుండి వచ్చిన మన విద్యార్థులు లూప్ అనగానే ఐ అనే అంకెను పట్టుకుని దాని తోకను పట్టుకుని వస్తువు దగ్గరికి వెళతారు. పైథాన్‌లో వస్తువునే నేరుగా అడగవచ్చు. ఫర్ విద్యార్థి ఇన్ విద్యార్థులు అంటే సరిపోయె. వరుస సంఖ్య కూడా కావాలంటే ఎన్యూమరేట్ వుంది. రెండు జాబితాలను జంటగా నడపాలంటే జిప్ వుంది. ఫైలు తెరిచి పని కాగానే తానే మూసేయటానికి 2006 నుండి విత్ వుంది. ఈ కోవలో మంచి పాఠం కావలసినవారు, పైథాన్ నిర్మాతల్లో ఒకడైన రేమండ్ హెటింగర్ 2013 పైకాన్ సభలో ఇచ్చిన ఉపన్యాసం వినాలి. పాత పద్ధతి ఒక పక్క, పైథాన్ పద్ధతి ఒక పక్క చూపిస్తూ చెప్పుకుపోతాడాయన.

వరుసలు పేర్చటం గూర్చి కొంచెం. మన తాళపత్రాల్లో పదానికీ పదానికీ నడుమ ఖాళీ వుండేది కాదు. ఆకు ఈ చివర నుండి ఆ చివర దాకా అక్షరాలు బారుగా సాగిపోయేవి. యెక్కడ విరవాలో చదివేవాడే చూసుకోవాలి. సీ వంటి భాషల్లో యంత్రానికి సంబంధించినంతవరకు ఇంచుమించు ఇదే పరిస్థితి. అర్థమంతా బ్రాకెట్లలోనూ, సెమికోలన్లలోనూ వుంటుంది. ఖాళీలు మనిషి కోసం మాత్రమే. అంటే కన్ను ఒకటి చదువుతూ, యంత్రం మరొకటి చదివే అవకాశం వుందన్నమాట.

అది నిజంగానే జరిగింది. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ తన ఫోన్లకు హడావిడిగా ఒక దిద్దుబాటు విడుదల చేయవలసి వచ్చింది. ఇంటర్నెట్‌లో అవతలివాడు నిజమైనవాడేనా అని సంతకం సరిచూసే సీ ప్రోగ్రాములో ‘గోటూ ఫెయిల్’ అనే వరుస వెంటవెంటనే రెండుసార్లు పడింది. మొదటిది పై ఇఫ్‌కు లోబడినది. రెండవది కూడా అంతే లోపలికి జరిగి వుంది కనుక కంటికి అదీ ఇఫ్‌కు లోబడినట్టే కనబడుతుంది. కాని బ్రాకెట్లు లేవు. యంత్రం దృష్టిలో అది యే షరతూ లేని ఆజ్ఞ. దాంతో కింద వున్న అసలు తనిఖీ జరగకుండానే, తప్పు యేమీ లేదన్న ఫలితంతో ప్రోగ్రాము బయటపడేది. దారిలో పొంచి వున్నవాడు బ్యాంకునని చెప్పుకున్నా నమ్మేదన్నమాట. పైథాన్‌లో ఈ రకం తప్పుకు తావు లేదు. కంటికి కనబడే మెట్టే యంత్రానికి కూడా మెట్టు. దీనికి ప్రతిగా ఇంకో ప్రమాదం వున్నదని ఒప్పుకోవాలి. లూప్ బయట వుండవలసిన రిటర్న్ ఒక మెట్టు లోపలికి జరిగితే, మొదటి విద్యార్థితోనే లెక్క ముగుస్తుంది. ఖాళీలు, టాబ్‌లు పొంతన లేకుండా కలిపి రాస్తే మాత్రం పైథాన్ 3 ఒప్పుకోదు, తిప్పి కొడుతుంది.

ఈ పేర్పు నియమాలను గీడో, మరికొందరు కలిసి 2001లో పెప్ 8 అనే పత్రంగా రాసి పెట్టారు. మెట్టుకు నాలుగు ఖాళీలు, వరుసకు 79 అక్షరాలు మించకూడదు, ఇత్యాదులు. నేను ఇక్కడ అవన్నీ చెప్పబోను; వాటిని యాంత్రికంగా సరిచేసి పెట్టే పనిముట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మరి అవి వున్నాక మంచి ప్రోగ్రాములు వాటంతట అవే వస్తాయా? రావు. పైన చెప్పిన ఎల్, టి ప్రోగ్రామును మరోసారి చూడండి. ఖాళీలు చక్కగా వున్నాయి, మెట్లు చక్కగా వున్నాయి. పెప్ 8 దానిలో తప్పు పట్టేది చాలా తక్కువ. హెటింగర్ 2015లో మాంట్రియల్ సభలో సరిగా ఈ విషయం మీదనే మాట్లాడాడు. ఖాళీలు సర్దటంలో మునిగిపోయినవాడు అసలు దోషాన్ని చూడడు అని ఆయన బాధ. ఇస్త్రీ చేసినంత మాత్రాన చిరిగిన చొక్కా అతుక్కోదు.

పైథాన్ వారి సౌందర్యశాస్త్రం వేరే వుంది. యంత్రం ముందు కూర్చుని ‘ఇంపోర్ట్ దిస్’ అని కొడితే, టిమ్ పీటర్స్ రాసిన పంతొమ్మిది సూత్రాలు తెరమీదకు వస్తాయి. ఇరవయ్యోది ఖాళీగా వదిలేశారు. తెరమీద చదువుకోండి, బాగుంటాయి. ఒక తమాషా యేమిటంటే, స్పష్టతను బోధించే ఆ సూత్రాలను దాచిన ఫైలు తెరిచి చూస్తే, అక్షరాలన్నీ పదమూడేసి స్థానాలు తారుమారు చేసి, యెవరికీ అర్థం కాకుండా వుంటుంది! కావాలని చేసిన వేళాకోళమది.

వేళాకోళానికి అయితే సరేగాని, మన విద్యార్థుల్లో కొందరికి పొట్టి ప్రోగ్రామంటే వల్లమాలిన మోజు. పది వరుసల పనిని ఒక్క వరుసలో, లిస్టులో లిస్టు, అందులో ఇఫ్, దాని వెనుక లాంబ్డా, ఇలా కుదించి ‘ఒక్క లైనే సార్!’ అని చూపిస్తారు. మన సాహిత్యంలో బంధకవిత్వం వుంది. చక్రంలోనూ, పద్మంలోనూ అక్షరాలు ఇమిడ్చి పద్యం చెప్పేవారు. ఆ నేర్పుకు నేనూ నమస్కారం పెడతాను. కాని ఇంటికి ఉత్తరం రాయటానికి యెవరూ పద్మబంధం వాడలేదు. నా మటుకు నేను పెట్టుకున్న కొలత యేమిటంటే, వరుసను ఒక్క వూపిరిలో గట్టిగా చదవగలగాలి. పైన రాసినవి = అన్న వరుస ఆ హద్దుకు కొంచెం ఇవతలే వుంది. దానిలో ఇంకొక ఫర్ చేరిస్తే నేను విడగొట్టి రాయమంటాను.

వ్యాఖ్యల విషయంలో నాకు మన ప్రాంతపు పెద్దాయన ఒకరు గుర్తుకు వస్తారు. మెదక్ సీమకు చెందిన కొలాచల మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిదీ, అక్కరలేనిదీ రాయకూడదని నియమం పెట్టుకున్నాడు. మన రికార్డు పుస్తకాల్లో ‘ఐ కి ఒకటి కలుపుతున్నాము’ అనే వ్యాఖ్యలు యెన్నో! అది వరుస చూస్తేనే తెలుస్తుంది. వరుస చూసినా తెలియనిది చెప్పాలి. ఉదాహరణకు, మూడింటిలో మంచి రెండు యెందుకు తీసుకుంటున్నాము, ఏ సంవత్సరపు నియమావళి ప్రకారం? అది ప్రోగ్రాము యెంత చదివినా దొరకదు. ఇంకొక మంచి వ్యాఖ్య వుంది: ఫంక్షన్ తల కింద ‘నన్, నన్, 16 ఇస్తే 16 రావాలి’ అని ఉదాహరణ రాయటం. పైథాన్‌లో డాక్‌టెస్ట్ అనే సదుపాయం ఆ ఉదాహరణను నిజంగా నడిపించి, జవాబు వేరుగా వస్తే చెబుతుంది. ఇదీ టిమ్ పీటర్స్ చలవే. ఆ ఒక్క ఉదాహరణ అక్కడ వుండి వుంటే ఆ అమ్మాయి కాగితం పట్టుకుని తిరగవలసిన పని వుండేది కాదు.

చివరగా, పేర్లను తెలుగులో పెట్టటం గూర్చి. నేను పైన రాసిన మార్కులు, విద్యార్థి అన్న పేర్లు కేవలం ఈ సంచిక కోసం పెట్టినవి కావు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుండి వేరియబుళ్ళకు, ఫంక్షన్లకు తెలుగు లిపిలో పేర్లు పెట్టినా యంత్రం స్వీకరిస్తుంది. మారనివి దాని సొంత కీవర్డులు మాత్రమే, అవి 35. ఇంకా చిత్రం, తెలుగు అంకెలలో రాసిన ౧౬ను ఇంట్ అనే ఫంక్షన్‌కు కొటేషన్లలో ఇస్తే 16 అని తిరిగి యిస్తుంది.

మరి అందరమూ తెలుగులోనే రాద్దామా? నాకు రెండు మనసులుగా వుంది. పెప్ 8 వారి మాట ప్రకారం, మీ భాష రానివాడు యెన్నడూ చదవడని నూటికి నూట ఇరవై పాళ్ళు నమ్మకం వుంటే తప్ప వ్యాఖ్యలు ఇంగ్లీషులోనే రాయాలి. పేర్ల విషయంలోనూ చిక్కులున్నాయి. స్థిరసంఖ్యలను పెద్దబడి అక్షరాల్లో రాయాలంటుంది పెప్ 8. మన లిపికి పెద్దబడి, చిన్నబడి అన్న భేదమే లేదు. మన గుణింతాలూ, వత్తులూ తెరమీద సమానమైన గళ్ళలో ఇమడవు కనుక 79 అక్షరాల లెక్క కూడా కుదరదు. పని చేయబోయేది నలుగురు దేశస్థులున్న చోటయితే ఇంగ్లీషు పేర్లే ధర్మం. కాని తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన కుర్రవాడు ఇంగ్లీషు మాట తోచక ఏ, బీ, సీ అని పేర్లు పెట్టుకుపోతుంటే, వాడిని మొదట తెలుగులో పేరు పెట్టమంటాను. తాను చేస్తున్న పని పేరేమిటో తనకు స్పష్టమయ్యాక, దానికి ఇంగ్లీషు మాట వెతుక్కోవటం యెంతసేపు? నాకు బొత్తిగా నచ్చనిది మధ్యరకం. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, అందులోనూ అచ్చులు మింగేసి రాస్తారు. అది వారం తిరిగేసరికి రాసినవాడికే అంతుపట్టదు.

మా లేబ్‌లో ఇప్పుడొక పద్ధతి నడుస్తోంది. మూడు వారాలకొకసారి ఇద్దరిద్దరు తమ ప్రోగ్రాములు మార్చుకుంటారు. చదివేవాడు దాన్ని నడిపించకుండానే, అది యేమి చేస్తుందో అయిదు వాక్యాల్లో రాయాలి. రాసినవాడు పక్కనే కూర్చోవాలి గాని నోరు విప్పకూడదు. మొదటిసారి గొడవ గొడవగా వుంటుంది. ‘సార్, నేనే రాశాను గాని ఇప్పుడు చూస్తుంటే నాకే తెలియటం లేదు’ అన్నవారూ లేకపోలేదు. మిత్రుడి మార్కుల ప్రోగ్రామును కూడా ఒకసారి ఇలాగే పంచాను. సగం మందికి పాతది, సగం మందికి కొత్తది. పాతది చదివినవారు అడిగిన ప్రశ్నలన్నీ ఎల్, టి గూర్చే. కొత్తది చదివిన ఒకడు మాత్రం లేచి, ‘సార్, మూడు పరీక్షలూ రాయనివాడికి దీనిలో సున్నా వస్తుంది. సున్నా వెయ్యాలా, గైరుహాజరు అని వెయ్యాలా? రెండూ ఒకటి కాదు కదా’ అన్నాడు. పాత ప్రోగ్రాము అటువంటివాడికి -2 వేస్తుందని అప్పుడే లెక్క చూసుకుని అందరూ నవ్వారు. ఆ ప్రశ్నను మిత్రుడికి రాసి పంపాను. వాళ్ళ నియమావళిలో దాని ప్రస్తావనే లేదట. విభాగం సమావేశంలో పెడతామన్నారు.